ఆరో రోజు నీళ్లు

సెల్‌విక్,
ఏప్రిల్ 9

ప్రియమైన హెర్దీస్ టీచరు గారికి,

మీ తుంటి ఎముక అతుక్కుంటోందనీ, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారనీ, నర్సుల మీద అప్పుడే కేకలు మొదలుపెట్టారనీ విన్నాను. పోయిన ఆదివారం మిమ్మల్ని చూద్దామని కనుమ దాటి పట్నం వచ్చాను. ఆసుపత్రి ముందు కారు ఆపి, మీకోసం తెచ్చిన ఎండుచేప పొట్లం ఒళ్లో పెట్టుకుని ముప్పావుగంట కూర్చున్నాను. దిగలేకపోయాను. ఆ చేప తిరుగుదారిలో నేనే తినేశాను. దానికీ సిగ్గుగానే ఉంది గానీ, ఈ ఉత్తరం దాని గురించి కాదు.

పదకొండేళ్ల కింద, వేడినీటి ఊటతో నిండే మీ ఈత కొలను చల్లబడిపోయింది. ఎందుకని మీరు మా ఆఫీసుకు వచ్చి అడిగారు. నేను మీకు అబద్ధం చెప్పాను.

మీకు తెలిసిన సంగతులు కూడా వరసగా రాస్తాను. అలా రాయకపోతే మళ్లీ ఎక్కడో ఒకచోట తప్పించుకుంటానని నా మీద నాకే అనుమానం. అప్పట్లో మన ఊళ్లో అరవై ఇళ్లు కరెంటు హీటర్లతో వెచ్చబడేవి. మంచుతుఫానుకు తీగలు తెగితే డీజిల్ బాయిలర్ దిక్కు. ఇంత చిన్న దేశం, కాళ్ల కింద ఇంత వేడి పెట్టుకుని మనం డీజిల్ పొగ పీల్చడమేమిటని నాకు రోషంగా ఉండేది. కంపెనీ నన్ను పంపినప్పుడు ఎగిరి గంతేశాను. మీ కొలనుకు నాలుగువందల మీటర్ల దిగువన బావి వేశాను. ఎనిమిదివందల మీటర్ల లోతున వేడినీళ్లు తగిలాయి.

పంపు పెట్టేముందు ఒక పరీక్ష చెయ్యాలి. బావిలోకి పచ్చరంగు కలిపిన నీళ్లు ఎక్కిస్తారు. ఆ రంగు చుట్టుపక్కల ఊటల్లో తేలితే బావికీ ఊటకీ లోపల దారి ఉన్నట్టు. బావి తోడితే ఊట తగ్గుతుందన్నమాట. నేను రోజూ తెల్లవారి మీ ఊట దగ్గర సీసాలో నీళ్లు పట్టేవాణ్ని. అయిదు రోజులు మామూలు నీళ్లే. ఆరో రోజు సీసా ఎత్తి వెలుగులో చూస్తే, లేతాకు పచ్చగా మెరిసింది.

మా పైఅధికారి ఆస్గేయిర్‌కు చూపించాను. ఆయన సీసా నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. "ఇది రాస్తే అనుమతి రెండేళ్లు వెనక్కి పోతుంది కోల్బెయిన్. రెండు చలికాలాలు నీ ఊరు డీజిల్ తాగుతుంది. ఒక ముసలావిడ ఈత కొలను కోసమా?" అన్నాడు. నిజం రాస్తే చట్టం ప్రకారం కంపెనీ మన బావి నుంచి మీ కొలనుకు ఒక గొట్టం వెయ్యాలి. అంతే. నాలుగువందల మీటర్ల గొట్టం. ఆస్గేయిర్ నన్ను బెదిరించలేదు, చెయ్యి పట్టుకుని రాయించలేదు. ఊరికి వెచ్చదనం తెచ్చినవాడు అనిపించుకోవాలని నాకు తొందరగా ఉంది. పరీక్ష కాగితంలో ఆరో రోజు గడిలో 'రంగు లేదు' అని రాసి, కింద సంతకం పెట్టాను.

ఆ చలికాలంలో మీరు వచ్చారు. ముప్పైఎనిమిది డిగ్రీలుండే నీళ్లు ఇరవైరెండుకు పడిపోయాయని ఉష్ణమాపకం బల్లమీద పెట్టారు. "మా నాన్న కట్టిన కొలను. ఊళ్లో పిల్లలందరికీ ఇందులోనే ఈత నేర్పాను. ఏమైందో చెప్పు నాయనా" అన్నారు. శరదృతువులో వచ్చిన చిన్న భూకంపానికి లోపల పగుళ్లు పక్కకు జరిగాయన్నాను. "నువ్వు చెప్పావు గనక నమ్ముతున్నాను" అని మీరు లేచి వెళ్లిపోయారు.

నా ఇరవయ్యో ఏట మా నాన్న పడవ తిరగబడినప్పుడు నేను ఒడ్డుకు ఈది వచ్చింది మీరు నేర్పిన చేతులతో. చేతులు కొంకర్లు పోతున్నా బారల లెక్క తప్పకూడదని మీరు అరిచిన అరుపు చెవిలో పెట్టుకుని వచ్చాను. ఆ చేతులతోనే ఆ గడి నింపాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కంపెనీ పక్కనున్న హ్రీస్‌దాల్ లోయలో మరో బావి తవ్వబోతోంది. మూడు ఊళ్లకు వేడి వస్తుంది, మంచి పనే. కానీ ఆ బావికి కాస్త ఎగువనే ఎర్లింగుర్ అనే రైతు టమాటా తోట ఉంది. అద్దాల కింద పెంచే ఆ మొక్కలు అక్కడి ఊట వేడి మీదే బతుకుతున్నాయి. కంపెనీ నివేదికలో 'సెల్‌విక్‌లో బావికీ ఊటకీ సంబంధం లేదని రుజువైంది' అని నా కాగితాన్నే సాక్ష్యంగా పెట్టారు. ఎర్లింగుర్ నాకు ఫోన్ చేశాడు. "కింద నీ సంతకం చూశాక నాకు భయం పోయిందయ్యా" అన్నాడు. "ఏం ఫర్లేదు" అన్నాను. రెండోసారి!

విదేశాల నుంచి జనం మన బావి చూడ్డానికి వస్తారు. మచ్చలేని వేడి అని వాళ్లకు బొమ్మలు చూపిస్తూ నేనే చెబుతాను. ఇంటికొచ్చాక అద్దంలో మొహం చూసుకోబుద్ధి కాదు.

క్షమించమని అడగడం లేదు. తిట్టండి.

మీ దగ్గర ఈత నేర్చుకున్న
కోల్బెయిన్


పట్నం ఆసుపత్రి,
ఏప్రిల్ 14

ఒరేయ్ కోల్బెయిన్,

ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయావా! పైగా నా చేప తిన్నావా! ఇక్కడ పెట్టే ఉడకేసిన కాడ్ చేప తిని నాలిక చచ్చిపోయింది. చేప సంగతి ముందు రాస్తున్నానంటే మిగతాది రాయడానికి నాకూ చెయ్యి రావడం లేదన్నమాట.

నాకు తెలుసురా. మొదటి నుంచీ తెలుసు.

ఆ ఆరో రోజు నువ్వు సీసాతో గుట్ట దిగిపోతూ ఉంటే వంటింటి కిటికీలోంచి చూశాను. మామూలుగా ఈలవేస్తూ దిగేవాడివి, ఆ రోజు వెయ్యలేదు. ఏమైందోనని కొలను దగ్గరకు వెళ్లాను. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి.  పదింటికి పిల్లలు వస్తారు, ఇళ్లకు వెళ్లి చెబుతారు. కొలను కడుగుతున్నానని వాళ్లను వెనక్కి పంపేశాను. నీళ్లన్నీ సముద్రంలోకి వదిలి, అడుగు చీపురుతో రుద్దాను.

ఎందుకు చేశానా? నిన్ను కాపాడటానికని చాలాకాలం అనుకున్నాను. అలా అనుకుంటే గొప్పగా ఉంటుంది కదా. నిజం అది కాదు. అరవై ఇళ్ల వేడికి ఆ ముసలిది అడ్డం పడింది, తన కొలను కోసం అని ఊరు అంటుందని భయపడ్డాను. బజారులో రొట్టె కొనడానికి వెళ్తే మాట ఆపేసి నా వైపు చూస్తారని భయపడ్డాను. నలభై ఏళ్లు వాళ్ల పిల్లల్ని నీళ్లలోకి తోసి, భయపడకండి అని అరిచినదాన్ని!

చలికాలంలో నీ దగ్గరకు ఎందుకొచ్చానో తెలుసా? నువ్వే చెబితే ఆ మాట నీ నోట వచ్చినట్టుంటుంది, చెప్పే పని నాకు తప్పుతుందని. నువ్వు భూకంపం అన్నావు. నమ్ముతున్నానన్నాను. ఆ గదిలో అబద్ధం చెప్పింది నువ్వొక్కడివే కాదు. అందుకే ఈ పదకొండేళ్లలో నిన్ను నిలదీసే మొహం నాకు లేకపోయింది. నువ్వు వీధిలో కనబడితే పలకరించి, వాతావరణం గురించి మాట్లాడి పోయేదాన్ని.

తరవాత ఏమైంది? మన పిల్లలను ఏడాదికి నాలుగు రోజులు బస్సులో కనుమ దాటించి పట్నం కొలనులో ముంచి తెస్తున్నారు. దాన్నే ఈత అంటున్నారు. పోయిన వేసవిలో చేపల పెంపకం దగ్గర సిగ్రూన్ వాళ్ల అమ్మాయి రేవులో జారి పడితే కొక్కెం కర్రతో పైకి లాగారు. పంతొమ్మిదేళ్ల పిల్ల! సెల్‌విక్‌లో పుట్టిన పిల్ల, నాలుగు బారలు ఈదలేక! ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు.

తిట్టమన్నావు. తిట్టను, అంత సులువుగా వదలను. ఆ ఎర్లింగుర్‌కు నువ్వు ఉత్తరం రాస్తే కుదరదు. వాళ్ల ఊరి సభలో లేచి నిలబడి, ఎదురుగా జనాన్ని పెట్టుకుని చెప్పాలి. నీ మాట ఎవరైనా నమ్మకపోతే నాకు ఫోన్ చెయ్యమను. తుంటి విరిగింది గానీ గొంతు విరగలేదు.

హెర్దీస్


సెల్‌విక్,
మే 30

ప్రియమైన టీచరు గారికి,

సభవాళ్లతో మాట్లాడి మీరు ఫోన్ పెట్టేశాక ఏం జరిగిందో మీకు తెలియాలి. ఎవరో పైపైన చెప్పే ఉంటారు, నేను మొదటి నుంచీ చెబుతాను.

హ్రీస్‌దాల్ సభ మధ్యాహ్నం కాఫీల తరవాత మొదలైంది. కంపెనీ తరఫున ఆస్గేయిర్ వచ్చాడు. నా పేరు జాబితాలో లేదు, చెయ్యెత్తి లేచాను. సెల్‌విక్ కాగితం పట్టుకుని, ఇందులో ఆరో రోజు గడి అబద్ధం, రాసింది నేనే అన్నాను. ఇంకా చాలా చెబుదామని కాగితం మీద రాసుకున్నాను. ఒక్క ముక్క గుర్తురాలేదు.

ఆస్గేయిర్ నెమ్మదిగా, "ఇతనికి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు" అన్నాడు. నేను ఏదో అనబోతుంటే వెనక వరసలోంచి ఎర్లింగుర్ లేచాడు. "ఏమయ్యా, అప్పుడు నమ్మమన్న కాగితం మీదా నీ సంతకమే, ఇప్పుడు నమ్మమంటున్నదీ నీ నోరే. ఏ కోల్బెయిన్‌ని నమ్మమంటావు?" అన్నాడు. హాలంతా నవ్వారు. నేను తలదించుకున్నాను. నిజం చెబితే బరువు దిగుతుందని అందరూ అంటారు. నాకు దిగలేదు టీచరు గారూ. అబద్ధం చెప్పినవాడు నిజం చెప్పినా అది చెల్లదని అప్పుడే అర్థమైంది.

అప్పుడు మీరు చెప్పమన్నట్టే మీ నంబరు ఇచ్చాను, సభవాళ్లు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. మీ గొంతు హాలంతా వినబడింది. పచ్చని నీళ్లు, పిల్లల్ని వెనక్కి పంపడం, చీపురు, ఏదీ దాచకుండా చెప్పారు. "వాడు రాసిన అబద్ధాన్ని రుద్ది కడిగింది నేను" అని పెట్టేశారు.  అందరి కంటే ముందు ఆస్గేయిరే మాట్లాడాడు. "నాకు ఆ సీసా చూపించాడు" అన్నాడు, అంతే. తన కాగితాలు సర్దుకుని బయటకు వెళ్లి మంచులో నిలబడ్డాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

ముందు సన్నని బోరు వేసి, బయటి వాళ్లతో రంగు పరీక్ష చేయించాలని సభ నిర్ణయించింది. నాకు ఉద్యోగం పోయింది, అది పోవాల్సిందే. ఎర్లింగుర్ మాత్రం ఫోన్ చేసి, "రోజూ తెల్లవారి మా ఊట దగ్గరకు రా. సీసా ముట్టుకోవద్దు, నేను పడతాను. నువ్వు పక్కన నిలబడి చూడు" అన్నాడు. వెళ్లాను. నాలుగో రోజు తెల్లవారి నీళ్లు పచ్చబడ్డాయి. ఆయన సీసా నా మొహం ముందు పెట్టి, "ఇప్పుడు చదువు" అన్నాడు. పచ్చ అన్నాను. ఆయన సంతకం పెట్టి, సాక్షి అన్నచోట నాకు కలం ఇచ్చాడు. చెయ్యి కలపలేదు, నేను చాపనూ లేదు. ఇప్పుడు బావి తవ్వుతారు గానీ, అందులోంచి ఆయన టమాటాలకు గొట్టం వేశాకే పంపు పెడతారు.

మన ఊళ్లో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. మీ గురించి కూడా కొందరు గొణిగారు, దాచను. బజారులో రొట్టెల దగ్గర మీరు భయపడ్డ మాటే అన్నారు. సిగ్రూన్ అక్కడే ఉంది. "మా పిల్ల నీళ్లలో పడ్డప్పుడు మీరెవరు దూకారు?" అని అడిగింది. 

పంచాయతీ పోయిన మంగళవారం కూర్చుంది. కంపెనీ మీద వ్యాజ్యం వేస్తే తేలేసరికి ఎన్నేళ్లు పడుతుందోనని, ఊరే కందకం తవ్వి బావి నుంచి మీ కొలనుకు గొట్టం వేసుకుంటుందని తేల్చారు. ఇవాళ శనివారం, పొద్దున ఇంటికొకరు చొప్పున పారలతో బయల్దేరారు. నన్ను పిలవలేదు. అయినా వెళ్లాను. వెళ్లేసరికి వరస కట్టి తవ్వుతున్నారు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. వరస చివర ఖాళీ ఉంటే అక్కడ దిగాను. అంతా రాతినేల. మధ్యాహ్నం మాంసం పులుసు గిన్నె చేతులు మారుతూ నా దాకా వచ్చి, ఆగకుండా నా చేతికి కూడా అందింది. తల ఎత్తి ఎవరిచ్చారో చూసే ధైర్యం లేక, గిన్నెలోకే చూస్తూ తాగాను.

రేపు మళ్లీ వెళ్తాను. ఇంకా మూడువందల మీటర్లుంది.

మీ
కోల్బెయిన్