రోడ్డు మీద పారబోసిన స్పిరిట్

మంగళవారం, దంతాలపల్లి

కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు ఇవాళ.

చేపనూనె షెడ్డులో హెక్సేన్ మానిపించాలని రెండేళ్లు కొట్లాడాను. పెట్రోలు జాతి ద్రావకం అది. చేప తలల్లోంచి గుండెకు మేలు చేసే కొవ్వు తీస్తారట, దాని ఆవిరి పీల్చి తీసే మనుషుల నరాలు మాత్రం చచ్చుబడాలట! సారాలో ఉండే స్పిరిట్‌తోనూ ఆ నూనె తీయొచ్చని వ్యాసాల మీద వ్యాసాలు రాశాను. చివరికి యజమాని దిగొచ్చి, ఇవాళే మొదటి స్పిరిట్ డ్రమ్ములు తెప్పించాడు.

వాటిని ఊరి మొగదల ఆపి రోడ్డు మీద పారబోసింది ఎవరు? సారా బండి కనబడితే ఆపమని నేనే నేర్పిన ఆడవాళ్లు.

నేను పోయేసరికి వాసన గుప్పుమంటోంది. "ఇది తాగేది కాదమ్మా, నూనె తీసేది" అన్నాను.

వాళ్ల సంఘం పెద్ద ఎల్లమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. "ఆపుమన్నది నువ్వే, ఇడువుమనేది నువ్వేనా? నీకెంత ముట్టింది సారూ?"

అందరూ నవ్వారు. షెడ్డు నుంచి వచ్చిన సోమక్క నవ్వలేదు. "గా డ్రమ్ముల కోసమే ఎదురుచూసిన అన్నా. చెప్పు జారిపోయినా కాలికి తెలుస్తలేదు నాకు" అంది.

సాయంత్రం యజమాని ఫోన్ చేసి "రేపటి నుంచి మళ్లీ పాతదే" అని పెట్టేశాడు. వాడిని తిట్టడం తేలికే. హెక్సేన్ గురించి పట్నం పత్రికలకు అంత రాసిన నేను, ఎల్లమ్మకు ఒక్క ముక్క చెప్పలేదు.

రేపు తెల్లారగానే ఆమె ఇంటికి పోవాలి. సోమక్క అప్పటికే షెడ్డులో ఉంటుంది...