తుప్పు చెయ్యి

7 సెప్టెంబర్, ఆదివారం

ఎట్టకేలకు మా ఆర్టిస్టుల గ్రూప్ నడిపే వాసు గోడ ఇచ్చాడు. మా గ్రూప్ షోలో నాకంటూ ఒక పూర్తి గోడ! ఐదేళ్ళుగా మెట్ల కింద చోటు తప్ప ఎరగను. 27న ఓపెనింగ్. 20కల్లా పని చూపించకపోతే గోడ ఇంకొకరిదని కూడా అన్నాడు, నవ్వుతూనే. ఆ నవ్వు నాకు తెలుసు.

ఆటోనగర్‌లో గులాం చాచా షెడ్డు వెనక ఏప్రిల్ నుంచి ఆరు ఇనుప రేకులకి తుప్పు పెంచుతున్నాను. జాలరిపేట నుంచి క్యాన్లతో సముద్రపు నీళ్ళు తెచ్చి రోజూ చల్లుతాను. తడి నూలుగుడ్డ చుట్టి రెండు రోజులు ఉంచితే తుప్పు గుడ్డ మీదికి దిగుతుంది. అదే నా బొమ్మ.

చాచా గేట్లూ గ్రిల్సూ చేస్తాడు. మా ఇంటి కొత్త గేటు కూడా ఆయనదే, రంగు ఇంకా పడలేదు. టీ తాగేటప్పుడు కూడా గ్లవ్స్ తియ్యడు, ఎందుకో. నేను నీళ్ళు చల్లుతుంటే జాలిగా చూస్తాడు. ఏమీ అడగడు.

10, బుధవారం

జ్వరం. చాచా ఫోన్ చేసి, నువ్వు పడుకో బేటీ, నీ రేకుల సంగతి నాను సూసుకుంటాను అన్నాడు. హమ్మయ్య.

13, శనివారం

పోయాయి. ఆరూ పోయాయి.

గ్రైండ్ చేసి, బఫింగ్ పట్టి, అద్దాల్లా చేసి వరసగా నిలబెట్టాడు చాచా. మూడు రోజులు కష్టపడ్డాడట. ఆర్నెల్లుగా సూత్తన్నాను, ఆ పిల్ల తుప్పు వదిలించాలని రోజూ నీళ్ళోసి కడుగుతాది, కడిగేకొద్దీ ఎక్కువవుతాది, సదువుకున్న పిల్ల కదా, సెప్తే సిన్నబోతాదని ఊరుకున్నాను అన్నాడు. మళ్ళీ తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ ఏసీమంటావా, నిన్నడిగి ఏద్దామని ఆగాను అంటూ చివరి రేకుని వీపు తట్టినట్టు తట్టాడు.

ఆరు రేకుల్లోనూ నా ముఖమే కనబడింది. చూడ్డానికి బాగాలేదు. మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారు, నా బతుకంతా అరగదీసేశారు కదా అని అరిచాను. ఆయన గ్లవ్స్ వెతుక్కుని తొడుక్కున్నాడు. నేను స్కూటీ ఎక్కి వచ్చేశాను.

14, ఆదివారం

బీచ్‌లో మా వాళ్ళ మీటింగ్. వాసు ఆ మెరిసే రేకులే పెట్టెయ్యమన్నాడు, చూసేవాడి ప్రతిబింబమే ఆర్ట్ అన్నాడు. ఒళ్ళు మండింది. ఇంకొకరు బ్లీచింగూ ఉప్పూ కొడితే రెండు రోజుల్లో తుప్పు గ్యారంటీ అన్నారు. ఇన్‌స్టంట్ కాఫీలాగా!

మీటింగ్ అయ్యాక మా గ్రూప్‌లో రోజారమణి, నేను కలిసి బస్టాపు దాకా నడిచాం. తగరపువలస బస్సు ఎక్కబోతూ, ఆయన్ని ఏటన్నావే అని అడిగింది. చెప్పాను. గోడ మళ్ళీ వస్తాదే, అలాంటి మనిషిని అలా వదిలీకు అంది. నాకు ఏడుపొచ్చింది, దాని మీద కోపం కూడా.

15, సోమవారం

షెడ్డుకి తాళం. పాతపోస్టాఫీసు దగ్గర వాళ్ళింటికి వెళ్ళాను. చాచా లేడు, ఆయన భార్య మెహబూబ్ బీ ఉంది. నేను వచ్చినట్టు తెలిసి ఎటో వెళ్ళిపోయాడేమో.

ఆవిడ టీ ఇచ్చి చెప్పింది. చాచా చేతి చెమట అదో రకమట. నున్నటి ఇనుము ముట్టుకుంటే మర్నాటికి దాని మీద వేళ్ళ అచ్చులు తుప్పుగా లేచేవట. ఇదివరకు పనిచేసిన కంపెనీలో తుప్పు చెయ్యి అని పేరు పెట్టారు. ముప్పై ఏళ్ళు రఫ్ గ్రైండింగే ఇచ్చారు, ఫినిషింగ్ జాబు ఒక్కటీ ముట్టుకోనివ్వలేదు. నీ రేకులకి సూపర్‌వైజర్ ఎవుడూ లేడు కదమ్మా, నునుపు సెయ్యికే తెలుస్తాదని గ్లవ్స్ తీసీసి సేసినాడు, ఆ మూడు రోజులూ పెళ్ళికొడుకులాగే ఉన్నాడు అంది.

టీ సగంలోనే పెట్టేశాను. తాళంచెవి అడిగి తెచ్చుకున్నాను.

16, మంగళవారం

ఐదు రేకులు మెరుస్తున్నాయి, గుడ్డతో తుడిచినట్టున్నాడు. శనివారం ఆయన తట్టిన ఆరోది తుడిచే వీలు నేను ఇవ్వలేదు.

దాని మీద ఒక అరచెయ్యి. ఐదు వేళ్ళు, గీతలతో సహా, ఎర్రగా.

కింద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత గుడ్డ తడిపి చుట్టాను.

18, గురువారం

గుడ్డ విప్పే వేళకి చాచా వచ్చాడు. రేకు చూడగానే కంగారుగా తుడవబోయాడు. ఆ గుడ్డపీలిక నేను లాక్కున్నాను. తప్పు నాదే చాచా అన్నాను, మొత్తం చెప్పాను. తుప్పుని కావాలని పెంచుతున్నానన్నది ఆయనకి అప్పుడే తెలిసింది. నోరు తెరుచుకుని విన్నాడు.

మిగతా ఐదింటి మీదా చెయ్యి వెయ్యమని అడిగాను. గోడకెక్కించీ సెయ్యి కాదమ్మా ఇది అని వెళ్ళిపోయాడు.

19

రేపే 20.

20, శనివారం

ఉదయం ఆరున్నరకి ఫోన్. సబ్బుతో కడుక్కుని రావాలా బేటీ, ఇలాగే వచ్చీనా అన్నాడు చాచా. ఇలాగే రండి అన్నాను. వెంటనే షెడ్డుకి బయల్దేరాను.

వాసు వచ్చేసరికి చాచా మూడో రేకు దగ్గరున్నాడు. ముందు మొహమాటంగా వేళ్ళ కొసలు, తర్వాత రెండు అరచేతులూ ఆనించి, కళ్ళు మూసుకుని. వాసు మొదటి గుడ్డనీ, చాచా చేతులనీ మార్చి మార్చి చూశాడు. వెళ్ళేటప్పుడు, లేబుల్ మీద పేర్లు రెండు కదా అన్నాడు. మొదటిసారి ఆ మనిషి నాకు నచ్చాడు.

27, శనివారం

ఆరు గుడ్డలు, పన్నెండు అడుగుల గోడ. మెహబూబ్ బీ ప్రతి చేతినీ గుర్తుపట్టి, ఇది ఎడమది, ఇది కుడిది అని అందరికీ చెప్పింది. చాచా గ్లవ్స్ ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. వచ్చినవాళ్ళందరికీ చెయ్యి కలిపాడు, రోజారమణికి రెండుసార్లు. తర్వాత నన్ను ఇంటిదాకా దింపి, గేటు ఆయనే తెరిచాడు.

29

గేటు మీద చాచా నాలుగు వేళ్ళూ ఎర్రగా లేచాయి. రంగు వెయ్యొద్దని ఇంటి ఓనర్‌ని బతిమాలుతున్నాను.