నువ్వు చేసిన చిక్కం

అక్కా,

నువ్వు పోయి కిందటి వారానికి ఏడాది నిండింది. సంవత్సరీకం అయ్యాక ఆగిరిపల్లి వెళ్తే, వ్యవసాయ శాఖ వాళ్ళు రైతులకు మామిడికాయలు కోసే చిక్కాలు పంచుతున్నారు. గెడ చివర వల, దాని అంచున చిన్న కత్తి. కాయ తొడిమతో సహా తెగుతుంది, సొన చిందదు. కూలి ఆడవాళ్ళ చేతులు సొనకు కాలుతున్నాయని నువ్వు చేసి, మద్రాసు చుట్టూ తిరిగి పేటెంటు తెచ్చుకున్నదే.

ఆ కాగితం పట్టుకుని నూజివీడులో ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాను.

"పేటెంటు మీ అక్కగారిదేనండీ. కానీ గవర్నమెంటు తన అవసరానికి వాడుకుంటే దావా నిలవదు. చట్టమే వాళ్ళకా వీలిచ్చింది" అన్నారు.

"చిక్కం మీద ఆవిడ పేరైనా వేయించలేమాండీ?"

"అడిగి చూడండి. వేసి తీరాలని లేదు."

నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. మర్నాడు మళ్ళీ ఆగిరిపల్లి వెళ్ళి వరసలో నిలబడ్డాను.

"తోట ఎవరి పేరునుందండీ?" అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

నీ వాటా తోట ఇంకా నీ పేరునే ఉంది. నీ పేరు చెప్పాను. రాసుకుని, చిక్కం నా చేతికిచ్చాడు.

"ఎలా వాడాలో ఆవిడకి చెప్తారుగా?" అన్నాడు.

"చెప్తానండీ" అన్నాను.