చక్రాల ఇంట్ల దిండు

పెద్దపల్లి చేను, బుధవారం

అమ్మీ, సలాం. ఎవరన్న ఏమన్న చెప్తే పరేషాన్ గాకు, ఇద్దరం మంచిగనే ఉన్నం.

సెలవులకు మన చేన్ల ఉందామని కారుకు కట్టి తెచ్చిన చక్రాల ఇంట్ల మంచం బిగించింది, కదలదు. పండుకుంటే కాళ్లు నమాజు చేసే కిబ్లా దిక్కు వస్తున్నయని నువ్వు కోపం చేస్తివి గదా! దాంతోని నీ అల్లుడు ఇంటినే తిప్పి, బావి దిక్కు వాలు మీద పెట్టిండు. నిన్న మధ్యాహ్నం వానకు చక్రాల కింది రాళ్లు జారినయి. ఆయన లోపల నిద్రల ఉండంగనే ఇల్లు ఉరికింది. నేను ఒర్రుకుంట ఎంబడి ఉరికిన. నా చేతుల ఫోన్ బావిల పడ్డది, అందుకే గీ కార్డు. ఇల్లు మోటరు పైపుకు తాకి, బావి అంచుల ఆగింది.

పైపు పలిగింది. తమ్ముడు అవేజ్‌ను కొత్తది తీస్కొని రమ్మను. నీ మోకాలు నొప్పి తగ్గిందా?

పక్క చేనోళ్లు ట్రాక్టరుతోని గుంజిండ్రు. ఇల్లు మళ్ల పాత జాగల్నే, పాత తీరుగనే పెట్టించిన. లోపలికి పోయి దిండు తీసి, మంచానికి అవతలి కొసకు పెట్టిన. గంతే అమ్మీ. గా ముచ్చట నీకూ తోచలే, నాకూ తోచలే.

ఆయన దిండు దిక్కు చూసిండు. అప్పటిసంది మాట్లాడుతలేడు. దువా చేస్తే, ఆయన నోరు తెరవాలని చెయ్యి.

నీ బిడ్డ,
కుబ్రా