బావగారి బొటనవేలు, కారు కిక్‌డౌన్

బావగారూ,

మొదటి బస్సుకి బెజవాడ వెళ్తున్నాను. మన ఆటోమేటిక్ కారులో గేర్లు మార్చే భాగమని మీరు ముచ్చటపడి తెప్పించిన మెత్తని వాల్వు బాడీని గ్యారేజీలో తిరిగిచ్చేస్తాను. "గేరు మారినట్టు పక్కవాడికి తెలియకూడదోయ్" అన్నారు. ఊరేగింపుకైతే బాగానే ఉంటుంది. ఇప్పుడు బండి పోవాల్సింది ఆసుపత్రికి. అక్కకి నెలలు నిండాయి, దారిలో ఆగిరిపల్లి ఎత్తుంది. అందుకని పాత గట్టిదే మళ్లీ బిగించాను. కాస్త కుదుపుతుంది, కానీ ఎత్తెక్కుతుంది.

అసలు జబ్బు బండిది కాదు. యాక్సిలరేటర్ పెడల్ని నేలకంటా తొక్కితే గేరు ఒక మెట్టు దిగి బండికి బలమొస్తుంది. దాన్నే కిక్‌డౌన్ అంటారు. మీరేమో కారుకి పసుపూ కుంకుమా పెట్టి, చెప్పులు బయట విడిచి, లక్ష్మిని తొక్కకూడదని ఆ పెడల్ని బొటనవేలితో తాకుతారు. పొరపాటున పాదం ఆనితే వంగి కళ్లకద్దుకుంటారు, బండి నడుస్తుండగానే. మొన్న ఆ ఎత్తులోనే నాలుగు మామిడి బుట్టలతో ఆగిపోయాం. బుచ్చయ్య ఎద్దుబండి మీద మనల్ని దాటిపోతూ "తాడేమన్నా కట్టమంటారా అండీ?" అన్నాడు. "అమెరికా బండి, నీకు తెలీదులే" అన్నారు మీరు.

మీ భక్తి ఎలాగూ మారదు. అందుకే పెడల్ నుంచి గేర్లకి వెళ్లే కడ్డీ సరిచేసి, సగం తొక్కగానే కిక్‌డౌన్ వచ్చేట్టు పెట్టాను. ఆ సగమైనా పాదంతో తొక్కండి.

విశ్వం

మర్చిపోయాను. అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టండి. మీ కాలు కదలకపోతే మోకాలి మీద చెయ్యేసి నొక్కెయ్యమన్నాను. పెళ్లైన దగ్గర్నుంచీ తనకీ అదే కోరికట.