షికారుకే వెళ్ళాం

జనవరి 11, హవాయిలోని కవాయి దీవి

మా ఊరు హిలో నుంచి వచ్చి దిగాం. అక్క ఇవలాని తన స్నోర్కెల్ మాస్క్‌ను, నీళ్ళలో ముఖం ముంచి చూసే ఆ అద్దాన్ని, ఊపిరి గొట్టంతో సహా సూట్‌కేస్‌లో బట్టల కింద దాచి తెచ్చింది. రెండేళ్ళ క్రితం ఒక అల ఆమెను బొంగరంలా తిప్పి ఒడ్డున పారేసింది. అప్పటి నుంచి సముద్రంలో మోకాళ్ళు దాటి దిగలేదు. ఈ సెలవుల్లోనూ దిగలేకపోతే మాస్క్ ఎవరికైనా ఇచ్చేస్తుందట. అక్క సముద్రాన్ని వదిలేయడమా? నేను ఒప్పుకోను.

జనవరి 12

కాఫీ షాపులో అందరికీ వినబడేలా చాటాడు బావ కెయోకి. రేపు ఉత్తరపు బీచ్‌కి పోతున్నాం, మా ఆవిడకి తాబేళ్ళు చూపిస్తా అని. కౌంటర్ దగ్గర ముసలమ్మ కళ్ళు మూసుకుంది. సముద్రానికి వెళ్ళే ముందు ఎక్కడికో పైకి చెప్తారా ఎవరైనా? చేపలు వింటాయి, వెళ్ళిన పని చెడుతుంది. ఊరికే షికారుకి అనాలని మాలో పసిపిల్లలకీ తెలుసు. నోటికి తాళం వేసుకో బావా అన్నాను. చేపలకి ఇంగ్లీషు రాదులే మరదలా అన్నాడు.

జనవరి 13

ఉత్తరాన ఇంటెత్తు అలలు. జనవరిలో ఆ వైపు ఇంకెలా ఉంటాయి? అక్క కారు దిగలేదు.

జనవరి 14

బావకి బుద్ధి రాలేదు. ఈసారి తూర్పు వైపు అని మళ్ళీ చాటాడు. అదీ మధ్యాహ్నం, గాలి లేచే వేళకి. రాత్రి వానకి ఏరు మట్టి తెచ్చి కలిపింది, నీళ్ళన్నీ కాఫీ రంగు. అక్క మోకాళ్ళ దాకా దిగింది. పాదాలు కనబడలేదు. వచ్చేసింది. మాస్క్ నా ఒళ్ళో పడేసి, నువ్వే ఉంచుకోవే అంది.

ఒళ్ళు మండింది. కానీ ఒకటి చూశాను. వచ్చేటప్పుడు అక్క సముద్రానికి వీపు తిప్పలేదు. అలల్నే చూస్తూ వెనక్కి నడిచింది, చిన్నప్పుడు అమ్మ నేర్పినట్టే. మాస్క్ తీసుకెళ్ళి మళ్ళీ ఆమె బ్యాగులోనే పెట్టాను.

జనవరి 15, పొద్దున ఆరు

అక్కే తలుపు తట్టింది. ఈత బట్టల మీద బావ చొక్కా. వరండాలో కూర్చుని కొబ్బరాకులు చూసిందట, ఒక్కటీ కదల్లేదట, వానా లేదట. ఊరికే అలా షికారుకి పోదాం, లేవే అంది. ఎక్కడికి అని బావ నోరు తెరిచాడు. ఆ నోట్లో స్పామ్ ముసుబి, మాంసం ముక్క పెట్టిన అన్నం ముద్ద, కుక్కింది. కారు తనే తోలుతుందట. చలికాలం అలలుండని వైపుకే అయి ఉంటుంది. అడిగితే ఒట్టు.

పది గంటలు

దిగింది! మోకాళ్ళు, నడుము, ఛాతీ, ఆ తర్వాత ముఖం. అడుగున ఇసుక రేణువులు కూడా కనబడుతున్నాయి. కాసేపు నా చెయ్యి పట్టుకుని తేలింది. తర్వాత నా చెయ్యి విదిలించుకుని పోయింది. గొట్టంలోంచి ఒకటే కేకలు. రాతి మీద నాచు మేస్తున్న తాబేలు తలెత్తి ఆమెను చూసి, మళ్ళీ మేతలో పడింది. ఒడ్డున బావ ముసుబి తింటూ ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. గెలిచాం!

జనవరి 16

మళ్ళీ షికారుకే వెళ్ళాం. ఎక్కడికో డైరీకి కూడా చెప్పను.