అడ్డబొట్టు పెడితే పేజీ మూత

2 జూలై 2006, ఆదివారం, ఉదయం 7.10
ఈ రోజు నుంచి నెల రోజులు కంప్యూటర్లో ఇంటర్నెట్ తెరిచే నీలం ‘ఈ’ బొమ్మ ముట్టను. ఇన్నాళ్ళూ ఇంటర్నెట్ అంటే అదే అనుకున్నాను. ఆఫీసులో సుందరరాజు కొత్త బ్రౌజర్ సీడీలో వేసి ఇచ్చాడు. దాంట్లో అంతా మన ఇష్టమే. మనిషికి ఇంతకంటే ఏం కావాలి! తెర మీద నుంచి ‘ఈ’ తీసి పారేశాను.

11.30
రంగు: పసుపు. బాగలేదు. ఆకుపచ్చ. అదీ బాగలేదు. మళ్ళీ పసుపు.
అడ్రసు పట్టీ: పైనుంచి కిందికి.
టిఫిను: తినలేదు.
నవీన వచ్చి చూసింది. నవీన అంటే మా ఆవిడ, కాళహస్తిలో మా మేనమామ కూతురు. కలంకారీ వేస్తుంది.
“బావా, ఈ యాడికి పోయింది?”
“ఏది?”
“ఈ.”
“ఈ అంటే ఏది?”
“ఈ అంటే ఈనే. ఈడే ఉండె గదా!”
ఐదు నిమిషాలు ఇదే.

3వ తేదీ, సోమవారం
అద్భుతం. మౌస్ కుడి బటన్ నొక్కిపట్టి గీత గీస్తే చాలు, అదే ఆజ్ఞ. ఏ గీతకు ఏ పనో మనమే పెట్టుకోవచ్చు. తిరుపతి వాణ్ణి కదా, నామం గీస్తే మెయిల్ తెరుచుకునేలా పెట్టాను. ఎడమకు అడ్డంగా గీస్తే అడ్డబొట్టు. పేజీ మూతపడుతుంది. నవీనకు చూపించాను.
“నామం పెడితే తెరిసేది, అడ్డబొట్టు పెడితే మూసేదా? మా కాళాస్త్రి అంటే అంత అలుసై పోయిందా నీకు?”
సరదాకేలే.

6వ తేదీ, గురువారం
మద్రాసులో చేనేత, కలంకారీ ప్రదర్శనట. స్టాలుకు దరఖాస్తు ఇంటర్నెట్‌లోనే, ఆఖరు తేదీ 15. ఎనిమిదేళ్ళుగా నవీన వేసిన చీరలు వేరేవాళ్ళ పేరుతో అమ్ముడుపోతున్నాయి. ఈసారి తన పేరుతోనే బోర్డు పెట్టాలని ఆశ. “మన బ్రౌజర్ ఉండగా నీకెందుకు భయం” అన్నాను.

8వ తేదీ, శనివారం, సాయంత్రం 5
నవీన నలభై నిమిషాలు కూర్చుని ఫారం నింపింది. ‘మీ పని గురించి వంద మాటలు’ అన్న గడి దాకా వచ్చింది. పేజీ మాయం. టెలిఫోన్ లైను బాగలేదని చెప్పాను. లైను బాగానే ఉంది.

11వ తేదీ, మంగళవారం
మళ్ళీ మాయం. మౌస్‌లో దుమ్ము అన్నాను. విప్పి తుడిచాను. నాకైతే ఒక్కసారీ పోలేదు మరి.
ఆఫీసులో ‘ఈ’ వాడాను. ఆఫీసు కంప్యూటర్ నాది కాదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

13వ తేదీ, గురువారం
మూడోసారి. ఈసారి పక్కనే నిలబడి చూశాను. నవీనది ఎడమచేతి వాటం. ఎడమ చేత్తో మౌస్ పట్టుకుంటే చూపుడువేలు దానంతటదే కుడి బటన్ మీద ఆనుతుంది. అలాగే నొక్కి ఒక గడి నుంచి ఎడమనున్న ఇంకో గడికి జరిపిందా, అడ్డబొట్టే.
చెప్పేద్దామనుకున్నాను. చెబితే గీతలన్నీ తీసేయాలి. ఎంత కష్టపడి పెట్టుకున్నాను! ఇంకా రెండు రోజులుంది కదా అని ఊరుకున్నాను.

15వ తేదీ, శనివారం, సాయంత్రం 4.20
నవీన ఇంట్లో లేదు. ఫారం ఐదింటికి మూసేస్తారు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

5.30
వచ్చింది. బస్టాండు దగ్గర నెట్ సెంటరులో నింపి పంపించిందట. ఇక దాచలేక అంతా చెప్పేశాను. గురువారమే తెలుసని కూడా.
కుర్చీ లాక్కుని మౌస్ ముందు కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.
“పద్నాలుగు దినాలు అన్నీ నీకు తగినట్ట మార్సుకుంటివి. నా చేతికి తగినట్ట ఒగటన్నా మార్సినావా బావా?”


16వ తేదీ, ఆదివారం, ఉదయం 9
‘ఈ’ మళ్ళీ తెర మీదికి వచ్చింది. గీతలన్నీ తీసేశాను. కంప్యూటర్లోనే మౌస్ బటన్లు అటుదిటు మార్చే వీలుందట, సుందరరాజు ఫోన్లో చెప్పాడు. మార్చాను. నవీన చెయ్యి ఇప్పుడు హాయిగా ఆడుతోంది.
నాకే ఏదీ చేతకావడం లేదు. ఎక్కడ నొక్కినా ఇంకేదో తెరుచుకుంటోంది. మూడు మెయిళ్ళు చదవడానికి గంట పట్టింది. విసుక్కున్నాను.
నవీన నవ్వింది. “నేర్సుకో బావా. మీ కుడిసేతోళ్ళ లోకంలో నేను ముప్పై ఏండ్లుగా నెట్టుకొస్తా ఉండా గదా.”
తీర్మానం: రేపటి నుంచి నెల రోజులు మౌస్ ఎడమ చేత్తోనే. బటన్లు వెనక్కి మార్చను. మార్చాలనిపిస్తే ముందు నవీనను అడుగుతాను.